ప్రస్తారం నుంచి సదిశ దాకా: ఒక గణిత పాఠం పూర్వచరిత్ర

ఒంగోలు నుంచి మార్కాపురం పోయే దారిలో పొదిలి ఉంది. ఒకప్పుడు అది వెంకటగిరి జమీందారీకి చెందిన తాలూకా. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ తాలూకా, 1970 ఫిబ్రవరిలో ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. చుట్టూ మిరప, పత్తి, పొగాకు, కంది పండే మెట్ట భూములు. ఇక్కడ ఇంటర్మీడియట్‌లో గణితం తీసుకున్న ముస్లిం విద్యార్థి రోజుకు నాలుగు భాషల మధ్య తిరుగుతాడు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, మసీదులో అరబీ, ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు. నూర్‌బాషా కుటుంబం వాడైతే ఇంట్లోనూ తెలుగే.

ఆ విద్యార్థి పుస్తకంలో రెండు అధ్యాయాలు ప్రత్యేకంగా కష్టమైనవని పేరు పడ్డాయి. ఒకటి ప్రస్తారాలు-సంయోగాలు, అంటే లెక్కించకుండానే లెక్క తేల్చే విద్య. రెండవది సదిశలు, అంటే పరిమాణంతోపాటు దిక్కు కూడా కలిగిన రాశుల విద్య. ఇవి ఇంజనీరింగు సీటు కోసం దాటవలసిన గడపలే తప్ప తమ ఇంటి విద్యలు కావనే భావం పిల్లల్లోను, పెద్దల్లోను ఉంది. కాలేజీ పిల్లవాడి గణితానికి, మదరసా పిల్లవాడి చదువుకు సంబంధమే లేదని రెండు పక్షాలూ అనుకుంటాయి. చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. మొదటి అధ్యాయం పద్యం నుంచి, నిఘంటువు నుంచి పుట్టింది. రెండవ దాని మూలభావాల్లో ఒకటి నమాజుకు నిలబడే దిక్కును వెదకడంలో పదును తేలింది. మదరసా, గణితం విడిపోయినది నిన్నమొన్నటి సంగతి.

ఛందస్సు నేర్పిన లెక్క

గణన మూలసూత్రం వినడానికి చాలా చిన్నది. మార్కాపురం నుంచి పొదిలికి మూడు బస్సులు, పొదిలి నుంచి ఒంగోలుకు నాలుగు బస్సులు ఉన్నాయనుకుంటే మార్కాపురం నుంచి ఒంగోలుకు 3 × 4 = 12 విధాలుగా వెళ్ళవచ్చు. ఒకదాని వెంట ఒకటి జరిగే పనులకు గుణకారం. ఇదైనా అదైనా అనే పనులకు సంకలనం. ప్రస్తారాలు, సంయోగాలు అన్నీ ఈ రెండు మాటల మీదనే నిలిచి ఉన్నాయి.

ఈ సూత్రాన్ని తెలుగు విద్యార్థి గణితం క్లాసుకు రాకముందే తెలుగు క్లాసులో వాడి ఉంటాడు. అక్షరం గురువో లఘువో కావాలి. మూడక్షరాల గణాలు ఎన్ని? 2 × 2 × 2 = 8. అవే య, మ, త, ర, జ, భ, న, స గణాలు. గురులఘువుల అమరికలన్నిటినీ ఒక్కటి కూడా జారిపోకుండా వరుసగా పరచి చూపే పద్ధతికి సంస్కృత ఛందశ్శాస్త్రం పెట్టిన పేరే ప్రస్తారం. క్రీస్తుకు పూర్వపు వాడైన పింగళుని ఛందస్సూత్రాల్లో ఆ పద్ధతి ఉంది. తెలుగు గణిత పుస్తకం ఆ పాత మాటనే తీసుకుని అధ్యాయానికి శీర్షికగా పెట్టుకుంది.

మదరసాలో మొదటి ఏడు సర్ఫ్ చదివే పిల్లవాడు కూడా తెలియకుండానే ఈ పని చేస్తాడు. అరబీ క్రియకు 14 రూపాలు (సీగాలు) వల్లె వేస్తాడు. పద్నాలుగే ఎందుకు? ప్రథమ పురుషలో రెండు లింగాలు, మూడు వచనాలు: 2 × 3 = 6. మధ్యమ పురుషలోనూ అంతే: 6. ఉత్తమ పురుషలో రెండు: నేను, మేము. అన్నీ కలిపితే 6 + 6 + 2 = 14. గుణకారం, సంకలనం రెండూ ఈ ఒక్క పాఠంలోనే ఉన్నాయి. అయితే అది గణితమని అతనికెవరూ చెప్పరు.

అరబీలో ఈ రెంటినీ కలిపి చూసిన మొదటి పండితుడు బస్రాకు చెందిన ఖలీల్ బిన్ అహ్మద్. హిజ్రీ 2వ శతాబ్ది వాడు. అరబీ ఛందశ్శాస్త్రాన్ని (ఇల్మె అరూజ్) నిర్మించినది ఆయనే. పదిహేను వృత్తాలను ఐదు చక్రాలలో అమర్చాడు. పదహారవ వృత్తాన్ని తరువాత అల్-అఖ్ఫష్ చేర్చాడు. ఆ ఖలీలే అరబీ భాషకు మొదటి నిఘంటువును, ‘కితాబుల్ ఐన్’ను సంకల్పించాడు. అప్పుడు ఆయనకు ఒక ప్రశ్న ఎదురైంది. జనం నోట విన్న మాటలను పోగు చేసుకుంటూ పోతే అన్నీ వచ్చాయని నమ్మకం ఏమిటి? అందుకని ఆయన మాటలను వెదకడానికి ముందు, రాగల మాటలన్నిటినీ లెక్క కట్టే దారి పట్టాడు.

అరబీ అక్షరాలు 28. ఒకే అక్షరం మళ్ళీ రాకుండా రెండక్షరాల మాటలు 28 × 27 = 756. మూడక్షరాలవి 19,656. నాలుగక్షరాలవి 4,91,400. ఐదక్షరాలవి 1,17,93,600. మొత్తం 1,23,05,412. తరువాతి రచయితలు ఖలీల్ పేర ఉటంకించిన సంఖ్య సరిగ్గా ఇదే. నేటి విద్యార్థి పుస్తకంలోని ప్రస్తార సూత్రంతో దీన్ని ఐదు నిమిషాలలో సరిచూడవచ్చు.

నిఘంటువు అమరిక కూడా ఈ లెక్క ప్రకారమే సాగింది. మూడక్షరాలను తీసుకుని, వాటి ఆరు ప్రస్తారాలనూ ఒకేచోట పరిశీలించి, ఏది వాడుకలో ఉంది, ఏది లేదు అని తేల్చడం ఆ పద్ధతి. హి.శ. 392లో (క్రీ.శ. 1002) మరణించిన వ్యాకరణ పండితుడు ఇబ్నె జిన్నీ క, ల, మ అనే అక్షరాలను ఇలాగే పరీక్షించాడు. క-ల-మ నుంచి కలిమా, అంటే మాట. క-మ-ల నుంచి కమాల్, అంటే పరిపూర్ణత. మ-ల-క నుంచి మలిక్, అంటే రాజు. ల-క-మ అంటే పిడికిలితో గుద్దడం. మ-క-ల నుంచి నీళ్ళు అడుగంటిన బావికి పేరు. ల-మ-క మాత్రం వాడుకలో లేదు. ఆరింటిలో ఐదు బ్రతికి ఉన్నాయి, ఒకటి ఖాళీగా ఉంది. ఖాళీని ఖాళీ అని చూపగలగడమే ఈ విద్య గొప్పతనం. వెదకి దొరకకపోవడం వేరు, ఉండవలసిన చోటు తెలిసి అక్కడ లేదని చెప్పడం వేరు.

పట్టు దారాలు, ఆరు రుచులు

ప్రస్తారంలో వరుస ముఖ్యం. సంయోగంలో వరుస ముఖ్యం కాదు, ఏవి కలిశాయన్నదే ముఖ్యం. ఈ రెండవ ప్రశ్న వంటింటి నుంచి, బజారు నుంచి వచ్చింది.

క్రీ.శ. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు ‘గణితసార సంగ్రహం’ రచించాడు. సంయోగాల సంఖ్యను కనుగొనే సాధారణ సూత్రం అందులో స్పష్టంగా ఉంది. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఆరు రుచులది. ఆరు రుచులలో కొన్నిటినో అన్నిటినో కలిపి ఎన్ని విధాల రుచులు తయారుచేయవచ్చు? ఒక్కొక్కటి 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, ఆరూ కలిపి 1. మొత్తం 63. ఉగాది పచ్చడి తెలిసిన తెలుగువారికి ఈ ఉదాహరణ వివరించనక్కరలేదు.

ఇస్లామీయ ప్రపంచంలో ఈ అంకెలు ఒక త్రిభుజంగా పేర్చబడ్డాయి. పై వరుసలోని పక్కపక్క అంకెలు రెండు కలిపితే కింది వరుసలోని అంకె వస్తుంది. బగ్దాదులో పనిచేసిన అల్-కరజీ క్రీ.శ. 11వ శతాబ్ది ఆరంభానికి ఈ పట్టికను ద్విపద విస్తరణ కోసం రూపొందించాడు. అతని మూలగ్రంథంలోని ఆ భాగం నశించినా, బగ్దాదులోనే పుట్టిన సమవ్అల్ తన ‘అల్-బాహిర్’లో దాన్ని ఉదహరించి కాపాడాడు. సమవ్అల్ ఆ పుస్తకాన్ని పందొమ్మిదేళ్ళ వయసులో రాశాడు. అంటే నేటి లెక్కలో ఇంటర్మీడియట్ దాటిన మరుసటి ఏడు. అందులో ఆయన పది అవ్యక్త రాశులను ఆరేసి చొప్పున కలిపితే 210 సమీకరణాలు వస్తాయని లెక్కించాడు. విద్యార్థి పుస్తకం కూడా పది నుంచి ఆరు ఎంచుకుంటే 210 అనే చెబుతుంది.

భారతదేశంలో కూడా 10వ శతాబ్దపు వ్యాఖ్యాత హలాయుధుడు పింగళుని మీద రాస్తూ ఇదే పట్టికను మేరు ప్రస్తారం పేరుతో వివరించాడు. యూరపులో దీనికి పాస్కల్ త్రిభుజమని పేరు. పాస్కల్ దాని మీద గ్రంథం రాసినది 1654లో. ఎవరు ముందు అనే పందెం కన్నా, ఛందస్సు ఒకచోట, బీజగణితం ఒకచోట, జూదంలో వాటాలు ఒకచోట ఒకే త్రిభుజానికి దారితీశాయన్నది చరిత్రకారునికి ఎక్కువ విలువైన సంగతి.

పశ్చిమాన మర్రాకుష్ నగరంలో ఈ విద్య ఇంకొక మెట్టు ఎక్కింది. అందలుసియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడి హి.శ. 626లో (క్రీ.శ. 1228) మరణించిన ఇబ్నె మున్ఇమ్, తన ‘ఫిఖ్‌హుల్ హిసాబ్’లో పట్టు దారాల కుచ్చుల సమస్య తీసుకున్నాడు. పది రంగుల పట్టు దారం ఉంది. ఒక రంగుతో, రెండు రంగులతో, మూడు రంగులతో ఎన్నెన్ని రకాల కుచ్చులు అల్లవచ్చు? మూడు రంగులవి 120. ఈ జవాబులను పట్టికగా వేసి, ఆ పట్టికతోనే అరబీ భాషలో ఏర్పడగల పదాల లెక్కకు తిరిగి వెళ్ళాడు. ఖలీల్ ప్రశ్న నాలుగు వందల ఏళ్ళకు పూర్తి జవాబు పొందింది. తరువాతి తరంలో అదే నగరానికి చెందిన ఇబ్నుల్ బన్నా (1256-1321) పట్టిక అవసరం లేకుండా, ముందరి సంయోగం నుంచి తరువాతి సంయోగాన్ని గుణకార భాగహారాలతో రాబట్టే సూత్రాన్ని ఇచ్చాడు.

అనువాదకుల వరుస

మహావీరాచార్యుని సంస్కృత గ్రంథం తెలుగువారికి ఎలా చేరిందన్నది తెలుగు సాహిత్య చరిత్రలో గౌరవనీయమైన అధ్యాయం. పావులూరి మల్లన దాన్ని పద్యాల్లో తెలుగు చేశాడు. తాత, మనుమడు ఇద్దరూ ఒకే పేరువారు కావడం వల్ల కవి రాజరాజ నరేంద్రుని సమకాలికుడా, తరువాతి తరం వాడా అన్న విషయంలో పండితులకు భేదాభిప్రాయం ఉంది. పావులూరు కమ్మనాటి గ్రామం. కమ్మనాడు అంటే నేటి గుంటూరు, ఒంగోలు ప్రాంతపు నేల. నన్నయ భారతం వెలసిన కాలానికి కాస్త అటూ ఇటూగా, ఈ మైదానానికి చెందిన ఇంటిపేరు గల కవి లెక్కల పుస్తకాన్ని ఈ మైదానపు భాషలోకి తెచ్చాడన్నమాట.

అతని అనువాద పద్ధతి గమనార్హం. మూలకర్త జైనుడు, అనువాదకుడు శైవుడు. మతం వేరని మల్లన గ్రంథాన్ని వదలలేదు. జైన సంబంధమైన ఉదాహరణల స్థానంలో తన శ్రోతలకు పరిచితమైన వాటిని పెట్టాడు. గణితాన్ని మాత్రం కదపలేదు.

ఇదే మర్యాద ముస్లిం అనువాదకుల చరిత్రలో కనిపిస్తుంది. భాస్కరాచార్యుని ‘లీలావతి’ని అక్బరు ఆదేశంపై ఫైజీ 1587లో పారసీలోకి తెచ్చాడు. ఆ మూలంలో అంకెల అమరికల మీద ‘అంకపాశం’ అనే ప్రత్యేక ప్రకరణం ఉంది. శివుని పది చేతులలో పది ఆయుధాలను ఎన్ని విధాల మార్చి పెట్టవచ్చునన్నది అందులోని ప్రశ్న. జవాబు 36,28,800. భాస్కరుని ‘బీజగణితా’న్ని 1634 ప్రాంతంలో అతాఉల్లా రుష్దీ పారసీ చేసి షాజహానుకు అంకితమిచ్చాడు. అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందు బగ్దాదులో ముహమ్మద్ బిన్ మూసా అల్-ఖ్వారిజ్మీ భారతీయ అంకెలను అరబీలో వివరించాడు. ఆయన ‘అల్-జబ్ర్’ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వపు వాటాల లెక్కలకే కేటాయించబడింది. ఫరాయిజ్ చదివే తాలిబె ఇల్మ్ బీజగణితాన్ని పరాయిదని అనుకోవడానికి ఆస్కారమే లేదు.

దిక్కు గల రాశి

ఇక రెండవ అధ్యాయం. బండలాగుడు పందెంలో రెండు ఒంగోలు ఎద్దులు ఒకే దిక్కుకు లాగితే వాటి బలాలు కూడతాయి. ఒకటి కాస్త ఎడమకు, ఒకటి కాస్త కుడికి లాగితే బండ ఆ రెంటి నడిమి దారిన పోతుంది, కొంత బలం వృథా అవుతుంది. బరువు, కాలం, ధర వంటి వాటికి దిక్కు లేదు, అవి అదిశలు. బలానికి, వేగానికి, స్థానభ్రంశానికి దిక్కు ఉంది, అవి సదిశలు. ఉర్దూలో సదిశను సమ్తియా అంటారు. సమ్త్ అంటే దిక్కు. ఖగోళశాస్త్రంలో యూరపు భాషలు వాడే అజిముత్, జెనిత్ అనే మాటలు రెండూ ఈ సమ్త్ నుంచే వెళ్ళాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సదిశల బీజగణితం ముస్లిం శాస్త్రజ్ఞులు కనిపెట్టినది కాదు. 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో కాలువ గట్టు వెంట నడుస్తూ హామిల్టన్ క్వాటర్నియన్ల నియమాన్ని కనుగొన్నాడు. మరుసటి ఏడు జర్మనీలో గ్రాస్‌మన్ తన గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ తరువాత అమెరికాలో గిబ్స్, ఇంగ్లండులో హెవిసైడ్ దాన్ని నేడు విద్యార్థి చదివే రూపానికి తెచ్చారు. గిబ్స్ పాఠాల ఆధారంగా విల్సన్ రాసిన పాఠ్యపుస్తకం 1901లో వచ్చింది. ప్రతిదీ మనవారే కనుగొన్నారని చెప్పడం పూర్వీకులకు గౌరవం కాదు. వారు చేసినది చెప్పడమే గౌరవం.

వారు చేసినదేమిటి? ఒక చలనాన్ని పరస్పర లంబమైన రెండు భాగాలుగా విడదీసి చూడడం. ఇబ్నుల్ హైసమ్ (965-సుమారు 1040) ‘కితాబుల్ మనాజిర్’లో కాంతి అద్దం మీద ఏటవాలుగా పడి తిరిగి రావడాన్ని, గట్టి వస్తువుకు తగిలి వెనక్కి వచ్చే గుండుతో పోల్చాడు. దాని చలనంలో అద్దానికి లంబంగా ఉండే భాగం ఒకటి, అద్దం వెంట సాగే భాగం ఒకటి. తగిలినప్పుడు మొదటిది తిరగబడుతుంది, రెండవది అలాగే ఉంటుంది. అందువల్లనే పడిన కోణం, తిరిగి వచ్చిన కోణం సమానం. నేటి విద్యార్థి ఒక సదిశను అంశాలుగా విడదీసేటప్పుడు చేసే పని సారాంశంలో ఇదే.

ఈ గ్రంథానికి విస్తృత వ్యాఖ్య రాసినవాడు కమాలుద్దీన్ అల్-ఫారిసీ. 14వ శతాబ్ది ఆరంభంలో మరణించిన ఇరానీ పండితుడు. ఇంద్రధనుస్సును వివరించిన అతని ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ ప్రసిద్ధం. ఆ ఫారిసీయే సంఖ్యల భాజకాలను లెక్కించడానికి సంయోగాలను వాడి మరొక గ్రంథం రాశాడు. విద్యార్థి పుస్తకంలో వేర్వేరు చోట్ల ఉన్న రెండు అధ్యాయాల విద్యా ఒకే మనిషి చేతిలో ఉండిన సందర్భం ఇది.

ఆ ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ అరబీ మూలం అచ్చయినది కైరోలో కాదు, బేరూతులో కాదు. 1928-30 మధ్య హైదరాబాదులో రెండు సంపుటాలుగా దాన్ని దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురించింది. 1888లో స్థాపితమైన ఆ సంస్థే తరువాత ఇబ్నుల్ హైసమ్ లఘుగ్రంథాలను, నసీరుద్దీన్ తూసీ రచనలను, అల్-బీరూనీ ‘ఖానూనె మస్ఊదీ’ని వెలువరించింది. ప్రపంచంలోని పరిశోధకులు హైదరాబాదు ప్రతి అని ఉదహరించే ఈ పుస్తకాలు తెలుగు నేల మీద అచ్చయ్యాయి. వాటిలో ఏముందో తెలుగులో చెప్పిన పుస్తకాలు మాత్రం అరుదు.

విడిపోయిన దారులు

మరి మదరసాకు, గణితానికి ఎడం ఎప్పుడు వచ్చింది? లక్నోకు చెందిన ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) పేరుతో వ్యాపించిన దర్సె నిజామీలో గణితం విధిగా ఉండేది. బహాఉద్దీన్ ఆమిలీ ‘ఖులాసతుల్ హిసాబ్’, యూక్లిడ్ జ్యామితి మొదటి భాగం, ఖగోళంలో చగ్మీనీ వ్యాఖ్యానం పాఠ్యగ్రంథాలు. ఖాజీ, మున్షీ, అమీను, సర్వే ఉద్యోగి అందరూ ఈ చదువు నుంచే వచ్చేవారు. కర్ణాటక నవాబు చేతిలో ఉండిన నెల్లూరు సీమ 1801లో కుంపినీ పాలనకు పోయింది. 1837 చట్టంతో కుంపినీ కచేరీలలో పారసీ స్థానం పోయింది. కొలువు లేని చదువులో లెక్కలెందుకన్న ప్రశ్న వచ్చింది. మదరసా ధార్మిక విద్యలను కాపాడుకోవడంలో మునిగి, తక్కిన వాటిని ఒక్కొక్కటిగా సడలించింది.

తప్పంతా పరాయి పాలనదే అనడం కూడా సరికాదు. 17వ శతాబ్ది ఆరంభపు ‘ఖులాసతుల్ హిసాబ్’ను 19వ శతాబ్దంలోనూ మార్చకుండా వల్లె వేయించిన వారు ఉస్తాదులే. హామిల్టన్, గ్రాస్‌మన్ కొత్త బీజగణితాలను నిర్మిస్తున్న సంవత్సరాలలో, ఇబ్నె మున్ఇమ్ పట్టిక కూడా ఆ పాఠ్యక్రమంలో లేదు. వారసత్వాన్ని పోగొట్టుకోవడానికి శత్రువు అవసరం లేదు, దాన్ని పెంచకపోతే చాలు.

ఈ ఎడాన్ని పూడ్చే ప్రయత్నాలు తెలుగు దేశంలో జరిగాయి. వాటిలో పెద్దది హైదరాబాదులో 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం. దానికి ముందే, 1917లో, అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. గణితం, భౌతికశాస్త్రం, వైద్యం మొదలైన వాటి పాఠ్యగ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. పారిభాషిక పదాలను ఎలా తయారుచేయాలో వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథమే రాశాడు. అక్కడ చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, లైప్‌జిగ్‌కు వెళ్ళి పై చదువులు చదివి, తిరిగి వచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించాడు. మాతృభాషలో చదివిన వాడు ప్రపంచంలో వెనుకబడతాడన్న భయానికి ఆ ఒక్క జీవితం చాలినంత సమాధానం.

1948 తరువాత ఉస్మానియా మాధ్యమం మారింది, ఉర్దూ అనువాద కృషి ఆగింది. పొదిలికి పొరుగున ఉన్న మార్కాపురం 1970 వరకు కర్నూలు జిల్లాలోనిది. ఆ కర్నూలులో మదరసా, విశ్వవిద్యాలయ విద్యలు రెండూ ఎరిగిన డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించాడు. తెలుగు వైపు 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షతన తెలుగు అకాడమి ఏర్పడింది. 1969-70లో మొదలైన ఇంటర్మీడియట్ విద్యకు ఆ సంస్థ తెలుగు పాఠ్యపుస్తకాలు సమకూర్చింది. సదిశ, అదిశ, ప్రస్తారం, సంయోగం, సంభావ్యత అనే మాటలు పల్లెటూరి విద్యార్థి నోటికి అలవాటు కావడంలో ఆ పుస్తకాల పాత్ర పెద్దది. ఉర్దూ సమ్తియా, తెలుగు సదిశ రెండూ దిక్కు అనే మాట మీదనే కట్టినవి. ఒకరి పని ఒకరు చూడకపోయినా అనువాదకులు ఒకేచోటికి చేరారు.

పొదిలి నుంచి ఖిబ్లా

ఇప్పుడు రెండు చదువులనూ ఒకచోట కూర్చోబెట్టే ఒక లెక్క చూడవచ్చు. పొదిలి సుమారు 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మక్కా 21.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 39.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భూకేంద్రం నుంచి పొదిలికి ఒక సదిశ, మక్కాకు ఒక సదిశ గీయాలి. రెంటి పొడవూ 1 అనుకోవాలి. వాటి అదిశా లబ్ధం సుమారు 0.787 వస్తుంది. అది రెంటి మధ్య కోణపు కొసైన్. కాబట్టి కోణం 38 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దూరం సుమారు 4,230 కిలోమీటర్లు. అదే సదిశలతో దిక్కును కూడా తేల్చితే, పొదిలి నుంచి ఖిబ్లా నేరుగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు.

సదిశలు లేని కాలంలో ఇదే ప్రశ్నను పండితులు గోళ త్రికోణమితితో సాధించారు. అల్-బీరూనీ గజ్నా నగరపు ఖిబ్లా కోసం 1025లో ‘తహ్‌దీద్’ గ్రంథాన్ని ముగించాడు. 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మసీదు కాలగణకుడు శమ్సుద్దీన్ అల్-ఖలీలీ 10 నుంచి 56 డిగ్రీల అక్షాంశాల వరకు, మక్కా నుంచి 60 డిగ్రీల రేఖాంశ భేదం వరకు, ప్రతి డిగ్రీకి ఖిబ్లా కోణం ఇస్తూ పట్టిక తయారుచేశాడు. పొదిలి పేరు వినని ఆ మనిషి పట్టికలో పొదిలికి కూడా గడి ఉంది.

ఈ లెక్క చూసి పాత మసీదుల మీద వివాదం లేవదీయడం తగదు. దూరప్రాంతాల వారికి కచ్చితమైన రేఖ కాక ఖిబ్లా వైపు (జిహత్) చాలునని హనఫీ ఫుఖహా చెప్పారు. ఆ విషయం గణితం విద్యార్థికి తెలియదు, మదరసా విద్యార్థికి తెలుసు. అదిశా లబ్ధం మదరసా విద్యార్థికి తెలియదు, కాలేజీ విద్యార్థికి తెలుసు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఈ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పలేరు.

లెక్క సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి తూసీ తన ‘తజ్కిరా’లో ఒక మార్గం చెప్పాడు. ఏటా రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు మక్కాకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నేటి క్యాలెండరులో అవి మే 28, జూలై 16 ప్రాంతాలు. భారత కాలమానం ప్రకారం మే 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 16న 2 గంటల 57 నిమిషాలకు పొదిలిలో ఎండలో ఒక కర్రను నిటారుగా పాతితే, దాని నీడ పడిన దిక్కుకు ఎదుటి దిక్కే ఖిబ్లా. కాగితం మీది 15 డిగ్రీలు నేల మీద ఉన్నాయో లేదో కోణమానినితో కొలవవచ్చు. మసీదు ముంగిట ఆ కర్ర పాతే రోజున మదరసా పిల్లవాడు, కాలేజీ పిల్లవాడు ఒకే నీడను కొలుస్తారు.